కిటికీలు మూసుకునే కాలం రాకముందే రోగులకు రేడాన్ గురించి చెప్పండి

చలి పెరిగితే ఇళ్లలో కిటికీలు మూతపడతాయి. లోపలి వెచ్చని గాలి పైకి లేచి బయటికి పోతుంటే, ఆ లోటు తీర్చడానికి నేలలోని గాలి పునాది పగుళ్లలోంచి, పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి లోపలికి చేరుతుంది. దానితోపాటే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు కూడా. చాలా ఇళ్లలో ఇది చలికాలంలోనే ఎక్కువగా పోగవుతుంది. కాబట్టి డాక్టర్లు, నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు ఈ మాట కాస్త ముందుగానే ఎత్తాలి.

మట్టిలో, రాతిలో ఉన్న యురేనియం క్షీణిస్తూ రేడియం, ఆ రేడియం నుంచి రేడాన్ పుడతాయి. రేడాన్‌కు రంగు, వాసన లేవు. అది విచ్ఛిన్నమైతే వచ్చే పొలోనియం ఊపిరితిత్తుల్లో అంటుకుని ఆల్ఫా కణాలనే రేడియేషన్‌ను వెదజల్లుతుంది. అసలు హాని అక్కడే. ఇదంతా మనకు తెలిసి ఉండాలి కానీ ఓపీలో కూర్చున్న మనిషికి చెప్పనక్కర్లేదు. ఆయనకు ఇంత చాలు: "నేలలోంచి వచ్చే ఒక వాయువు కొన్ని ఇళ్లలో పోగవుతుందండీ. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. మీ ఇంట్లో ఎంత ఉందో చిన్న పరికరం పెట్టి తెలుసుకోవచ్చు. ఎక్కువుంటే తగ్గించుకోవచ్చు." చివరి రెండు వాక్యాలు వదిలేస్తే మిగిలేది భయమే.

ఈ మాట ఎత్తడానికి సరైన చోటు పొగ అలవాటు గురించి అడిగే ప్రశ్న. పొగ, రేడాన్ రెండూ కలిస్తే ముప్పు ఎన్నో రెట్లవుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా ప్రకారం, ఘనపు మీటరు గాలిలో 148 బెకెరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) రేడాన్ ఉన్న ఇంట్లో జీవితమంతా గడిపితే, పొగతాగే 1000 మందిలో సుమారు 62 మందికి, ఎప్పుడూ తాగని 1000 మందిలో సుమారు 7 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. పొగతాగేవాళ్లు ఇది విని "అయితే తప్పు ఇంట్లో గాలిదే" అని సిగరెట్ మానే ఆలోచన పక్కన పెట్టేసే ప్రమాదముంది. కాబట్టి మానడమే మొదటి పని అని మొహమాటం లేకుండా చెప్పాలి. తాగనివాళ్లు "నాకెందుకులెండి" అంటారు. తాగనివాళ్లలో ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణాల్లో రేడాన్ ముందు వరసలో ఉందని వాళ్లకు చెప్పాలి.

తరవాత వచ్చే ప్రశ్న దాదాపు ఖాయం: "నా తలనొప్పి, దగ్గు దీనివల్లేనా?" రేడాన్ పీలిస్తే అప్పటికప్పుడు కనిపించే లక్షణాలేవీ లేవు. దగ్గు తగ్గకపోతే దాని కారణం దానికే వేరుగా వెతకాలి. ఇంట్లో రేడాన్ ఎంతుందో తేల్చడానికి ఎక్స్‌రే, రక్తపరీక్ష రాసివ్వడం దండగ. పరీక్ష చేయాల్సింది ఇంటికి, ఒంటికి కాదు.

రేడాన్‌ను కొలిచే కిట్ ఇంట్లో పెట్టే పద్ధతి నర్సు రెండు నిమిషాలు విడమరిచి చెబితే సగం పొరపాట్లు తప్పుతాయి. మనుషులు నిజంగా మసిలే గదుల్లో అన్నిటికంటే కింది అంతస్తులోని గదిలో, ఊపిరి పీల్చే ఎత్తులో పెట్టాలి. వంటగది, స్నానాలగది వద్దు. కిటికీ పక్కన, ఫ్యాన్ గాలి తగిలేచోట కూడా వద్దు. కొద్ది రోజుల పరీక్షయితే 12 గంటల ముందు నుంచే తలుపులు, కిటికీలు మూసి ఉంచాలి; వచ్చిపోవడానికి తీయడం పర్వాలేదు. మూడు నెలలకు పైగా పెట్టే పరికరం ఏడాది సగటుకు దగ్గరి లెక్క ఇస్తుంది. పక్కింటి ఫలితం మనింటికి పనికిరాదు, ఆనుకుని ఉన్న రెండిళ్లలో కూడా మోతాదు వేరుగా ఉండొచ్చు.

ఫలితం వచ్చాక అంకె దగ్గర తడబడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు ఘనపు మీటరుకు 100 బెకెరెల్స్. అది సాధ్యం కానిచోట కూడా 300 దాటకూడదంటుంది. అమెరికాలో 148 దగ్గర చర్య తీసుకోమంటారు. 95 వచ్చిందంటే ముప్పు సున్నా అని కాదు, 105 వచ్చిందంటే రేపే ఇల్లు ఖాళీ చేయాలనీ కాదు. పెరిగే ప్రతి 100 బెకెరెల్స్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 16 శాతం పెరుగుతుందన్న లెక్క చెబితే, ఆ శాతం ఆ మనిషికి ముందే ఉన్న ముప్పు మీద అని వెంటనే కలపండి. లేకపోతే తనకు క్యాన్సర్ వచ్చే అవకాశమే 16 శాతం అనుకుంటారు.

ఎక్కువ వస్తే కిటికీలు తెరవడం తాత్కాలికం. పగుళ్లు మూయడం ఒక్కటే సాధారణంగా చాలదు. ఇళ్లలో వాడే మామూలు గాలి శుద్ధి యంత్రాల మీద ఆధారపడొద్దు. నేల కింది గాలిని పైపుతో లాగి, ఫ్యాన్ సాయంతో కప్పు పైకి వదిలే ఏర్పాటే ఎక్కువ ఇళ్లలో బాగా పనిచేస్తుంది. అది అనుభవమున్నవాళ్ల చేత చేయించాలి, అయ్యాక మళ్లీ కొలవాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఫలితం కాగితం మీద ఉండటం ముఖ్యం, యజమానితో మాట్లాడటానికి చేతిలో ఆధారమంటూ ఉంటుంది.

కిట్ ఇచ్చిన తేదీ కేస్ షీట్‌లో రాసి పెట్టుకుని, తరవాతిసారి వచ్చినప్పుడు అడగండి. తీసుకెళ్లిన కిట్లు కొన్ని అలమారలోనే ఉండిపోతుంటాయి. ఇల్లు మారినవాళ్లను, పునాదికి మరమ్మతు చేయించినవాళ్లను, నేలమట్టం కింది గదిని పడకగదిగా మార్చుకున్నవాళ్లను మళ్లీ పరీక్ష చేయించుకోమనండి.