హైటెక్ సిటీలో ఎంఎంటీఎస్ ఎక్కాలంటే

ముందు ఒకటి తెలుసుకోండి. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ వేరు, ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైళ్లు) స్టేషన్ వేరు. రెండింటి మధ్య ఆటో మాట్లాడుకోవాల్సినంత దూరం. క్యాబ్ బుక్ చేసేటప్పుడు ఉత్త 'హైటెక్ సిటీ స్టేషన్' అని కొడితే మెట్రో దగ్గర దిగబెట్టే ప్రమాదం ఉంది, కాబట్టి ఎంఎంటీఎస్ అని చూసి మరీ పిన్ పెట్టండి. కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీకి వెళ్లే దారిలో, రైల్వే అండర్ బ్రిడ్జి పక్కన ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంటుంది. గట్టి వాన పడితే ఆ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి, ట్రాఫిక్ ఎక్కడిదక్కడే ఆగిపోతుంది; అలాంటి రోజు ఇంట్లోంచి ముందే కదలండి.

మెట్రోలాగా ఐదు నిమిషాలకో బండి రాదు. టైమ్ చూసుకోకుండా వెళ్తే ప్లాట్‌ఫాం మీద పడిగాపులే. వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్‌లో చూడండి, ఎంఎంటీఎస్ నంబర్లు 47తో మొదలవుతాయి. ఇదే లైన్లో ఎక్స్‌ప్రెస్‌లు కూడా నడుస్తాయి కాబట్టి వాటికి దారివ్వడానికి మన బండిని ఆపేయడం మామూలే.

టికెట్ 5 రూపాయల నుంచి ఉంటుంది. ఆఫీసు టైమ్‌లో కౌంటర్ దగ్గర క్యూ కడతారు, రైల్వేవాళ్ల రైల్‌వన్ యాప్‌లో తీసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. మెట్రో కార్డు ఇక్కడ చెల్లదు. రోజూ వెళ్లేవాళ్లయితే నెలవారీ పాస్ తీసుకోండి, చాలా కలిసొస్తుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఏ బండి ఎక్కాలో తెలియక. సిటీలోకి వెళ్లే వైపు రెండు రకాల బండ్లు వస్తాయి. బోరబండ, భరత్‌నగర్ మీదుగా బేగంపేట దాకా రెండిటిదీ ఒకే దారి, అక్కణ్ణుంచి చీలిపోతాయి. ఒకటి నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి. రెండోది సంజీవయ్య పార్క్, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్‌కి, అక్కణ్ణుంచి కాచిగూడ, మలక్‌పేట దాటి ఫలక్‌నుమాకి. నాంపల్లి స్టేషన్ రైల్వే లెక్కలో 'హైదరాబాద్', ఉత్త నాంపల్లి అనే వెతక్కండి. పొరపాటున వేరేది ఎక్కేసినా కంగారేం లేదు, బేగంపేటలో దిగి తర్వాతది పట్టుకోవచ్చు. ఆదివారాలు బండ్లు బాగా తగ్గిపోతాయి, ఆ రోజు మాత్రం ఆ నిరీక్షణ కన్నా భరత్‌నగర్‌లోనో బేగంపేటలోనో దిగి మెట్రోకి మారడం మేలు.