కౌంటర్‌లో తీసుకున్న డబ్బు తక్కువొచ్చిందా? కట్ట మీది పట్టీ చింపకండి

మిర్చి, పత్తి డబ్బులు చేతికొచ్చే నెలల్లో వరంగల్ చుట్టుపక్కల బ్యాంకుల్లో ఈ మాట తరచూ వినపడుతుంది: "సార్, నిన్న తీసుకున్న పైసల్లో తక్కువొచ్చినయ్." కౌంటర్ అవతలి నుంచి వచ్చే జవాబూ ఎప్పుడూ ఒకటే: "మా క్యాష్ టాలీ అయింది." తమాషా ఏమిటంటే చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. అదెలాగో తెలియక వచ్చినవాళ్ళు గొడవపడి, గొంతు పోగొట్టుకుని వెళ్ళిపోతారు. నేను చాలా ఏళ్ళు క్యాష్ కౌంటర్ వెనకాల కూర్చున్నాను. రిటైరయ్యాక ఇలాంటి తేడాలొచ్చిన రైతులకూ, సంఘాల వాళ్ళకూ అర్జీలు రాసిపెడుతున్నాను. స్లిప్ రాయడం, పాస్‌బుక్ ప్రింట్ వేయించుకోవడం మీకు తెలుసనుకునే ఇది రాస్తున్నాను.

సమస్య: విత్‌డ్రా చేసిన డబ్బు ఇంటికెళ్ళి చూస్తే తక్కువ

ముందు చూడాల్సింది నోట్లు కాదు, ఫోన్‌లో వచ్చిన మెసేజ్. ఖాతాలోంచి ఎంత పోయింది? యాభై వేలు తీసుకున్నాననుకుని నలభై ఎనిమిది వేలకు స్లిప్ రాసినవాళ్ళను చూశాను. నాలుగుసార్లు నోట్లు లెక్కపెడతారు, మెసేజ్ మాత్రం తెరిచి చూడరు. ఆ తర్వాత దారి గుర్తు చేసుకోండి. ఎరువుల షాపు బాకీ, చిట్టీ వాయిదా, చౌరస్తాలో కొన్న బట్టలు. ఈ రెండూ చూడకుండా బ్యాంకుకు పరుగెత్తకండి. అక్కడ మొదట అడిగేవి ఇవే.

ఇవి సరిగ్గా ఉంటే తేల్చుకోవాల్సింది ఒక్కటే. తేడా విడి నోట్లలో వచ్చిందా, కట్టలో వచ్చిందా?

విడి నోట్లలో అయితే పని సులువు, అదే రోజు వెళ్తేనే సుమా. పొద్దున క్యాషియర్ దగ్గరున్న డబ్బుకు వచ్చింది కలిపి, ఇచ్చింది తీసేస్తే సాయంత్రం ఎంత మిగలాలో సిస్టమ్ చెబుతుంది. మీకు రెండు వేలు తక్కువ ఇచ్చి ఉంటే ఆయన డబ్బాలో రెండు వేలు ఎక్కువ తేలుతుంది. ఎక్సెస్ క్యాష్‌ను జేబులో వేసుకోవడానికి లేదు, విడిగా లెక్కలో చూపించాలి. అందుకే కౌంటర్ మూయకముందే వెళ్ళండి. "ఈరోజు ఎక్సెస్ వచ్చిందా?" అని అడగకండి. మీకు ఎంత తగ్గిందో, ఏ నోట్లు తగ్గాయో కాగితం మీద రాసి ముందు మేనేజర్ చేతికివ్వండి. సాయంత్రం లెక్కలో అంతే ఎక్కువ తేలితే ఇక వాదన ఉండదు. ముందే ఎంతో విని తర్వాత మీ అంకె చెబితే ఎవరూ నమ్మరు.

అదే రోజు ఇంకొకరికి అంతే ఎక్కువ ఇచ్చి ఉంటే రెండూ కొట్టుకుపోయి టాలీ అవుతుంది. ఇది అరుదు. అలాంటప్పుడు దిక్కు సీసీ కెమెరా ఒక్కటే.

అసలు మెలిక: కట్ట విప్పకుండా చేతులు మారడం

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కట్ట అంటే వంద నోట్లు. 500 నోట్ల కట్ట 50,000, 200 నోట్లది 20,000. పది కట్టలు కలిస్తే ఒక బండిల్. పెట్రోల్ బంకు నుంచో, అడ్తి దుకాణం నుంచో పొద్దున డిపాజిట్‌గా వచ్చిన డబ్బును లెక్కబెట్టి, కాగితపు పట్టీ చుట్టి, దాని మీద ముద్ర, తేదీ, పొట్టి సంతకం వేస్తారు. మధ్యాహ్నం మీరు వెళ్తే అదే కట్ట మీ చేతికి రావచ్చు. లేదంటే కరెన్సీ చెస్ట్ (బ్రాంచీలకు నోట్లు పంపే పెద్ద ఖజానా) నుంచో, పక్క ఊరి బ్రాంచి నుంచో వచ్చిన కట్ట కావచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. కట్టలో 98 నోట్లే ఉన్నాయి. క్యాషియర్ దాన్ని విప్పలేదు. వచ్చినప్పుడు 50,000 అని రాసుకున్నాడు, మీకిచ్చినప్పుడూ 50,000 అనే రాసుకున్నాడు. సాయంత్రం డబ్బాలో పైసా తేడా ఉండదు. టాలీ అయిందని ఆయనంటే అది నిజం. మీకు వెయ్యి తక్కువ ముట్టిందన్నదీ నిజం. ఆ వెయ్యి ఆ బ్రాంచిలో లేనే లేదు. పట్టీ మీద సంతకం పెట్టినవాళ్ళ దగ్గరో, అంతకుముందో పోయింది. టాలీ చూపించి మీ ఫిర్యాదు కొట్టేస్తే ఒప్పుకోకూడనిది ఇందుకే. అడగాల్సింది టాలీ గురించి కాదు, ఆ కట్ట ఎక్కడ కట్టింది అని.

దానికి సాక్ష్యం వేలెడంత వెడల్పున్న ఆ పట్టీ ఒక్కటే. మనవాళ్ళు ఇంటికి రాగానే ముందు చింపి పారేసేదీ అదే.

నర్సంపేట వైపు మిర్చి రైతు ఒకాయన మూడు లక్షలు తీసుకున్నాడు, ఆరు కట్టలు. ఏరిన కూలీలకు పంచడానికి ఆరింటినీ ఒకేసారి విప్పి కుప్ప పోశాడు. చివరికొచ్చేసరికి పదిహేను వందలు తగ్గాయి. ఏ కట్టలో తగ్గాయో చెప్పలేడు. పట్టీలు అప్పటికే పొయ్యిలోకి పోయాయి. ఆయనకు అర్జీ రాసిపెట్టాను గానీ, అందులో రాయడానికి మొత్తం తప్ప ఇంకేమీ లేదు. డబ్బు రాలేదు.

పరకాల వైపు మహిళా సంఘం అధ్యక్షురాలు ఒకామె లోను డబ్బు రెండున్నర లక్షలు తెచ్చుకుంది. బ్యాంకు బయట చెట్టు కిందే కూర్చుని, పట్టీలు తీయకుండా లెక్కపెట్టింది. మూడో కట్టలో 98. మిగతావి సంచిలో వేసుకుని, దాన్ని మాత్రం చేతిలో పట్టుకుని లోపలికెళ్ళింది. "కట్ట ఇప్పలే సార్, మీరెట్లిచ్చిన్రో అట్లనే తెచ్చిన." మేనేజర్ పట్టీ తిప్పి చూశాడు. ముద్ర వేరే బ్రాంచిది, తేదీ నాలుగు రోజుల కిందటిది. కెమెరా ముందే విప్పి మిషన్లో రెండుసార్లు, చేత్తో ఒకసారి లెక్కపెట్టారు. 98. ఆమెకు వెయ్యి ఇచ్చి, ఆ పట్టీతో పాటు రెండో బ్రాంచికి ఉత్తరం పంపుకున్నారు. ఆమె గొంతు పెంచాల్సిన అవసరమే రాలేదు.

పట్టీ ఉండగానే లెక్కపెట్టడం కష్టం కాదు. పట్టీ మధ్యలో ఉంటుంది కాబట్టి ఒక చివర ఖాళీగా ఉంటుంది. ఎడమచేత్తో పట్టీ మీద గట్టిగా పట్టుకుని, ఖాళీ చివరను కొంచెం వెనక్కి వంచి, కుడి బొటనవేలితో మూలలు ఒక్కొక్కటే వదలండి. లెక్కతో పాటు అంచునూ గమనించండి. 500 నోటు 150 మిల్లీమీటర్లు, 200 నోటు 146. వెడల్పు ఒకటే, పొడవులో తేడా నాలుగు మిల్లీమీటర్లే. కాబట్టి 500ల మధ్యలో 200 దూరితే పైకి తెలియదు. బూడిద రంగు అంచుల మధ్య పసుపు గీత కనపడుతుంది, అంతే. నోట్ల సంఖ్య మాత్రమే చెప్పే మిషన్‌కు ఇది పట్టదు, వందకు వంద చూపిస్తుంది. అక్కడ మీకు మూడు వందలు పోయినట్టే.

తేడా కనపడగానే ఆపేయండి. పట్టీ రెండువైపులా ఫొటో తీయండి. కట్ట విప్పకండి, ఇంకో నోటు కలపకండి, ఇంట్లో వాళ్ళందరి చేతా లెక్కబెట్టించకండి. నేరుగా వెనక్కి వెళ్ళండి.

ఇంత తంటా లేకుండా కౌంటర్ దగ్గరే "మిషన్లో వేసి చూపించండి" అని అడగొచ్చు. మొహమాటం అక్కర్లేదు, అదేం దయ కాదు. కట్టలకు పిన్నులు కొట్టడం మానేసి కాగితపు పట్టీలు వాడాలని రిజర్వు బ్యాంకు 2001 నవంబరులో ఆదేశించింది. పట్టీ కట్టల మీద జనానికి నమ్మకం కుదరాలని చెల్లింపు కౌంటర్లలో రెండువైపులా అంకె కనిపించే లెక్కింపు మిషన్లు పెట్టమన్నదీ రిజర్వు బ్యాంకే. వెనకాల క్యూ గొణుగుతుంది, గొణగనివ్వండి. పట్టీ మీద ముద్రా, సంతకమూ ఏదీ లేకపోతే మాత్రం లెక్కించకుండా ఆ కట్ట తీసుకోనే వద్దు.

కొత్త నోట్ల కట్టలో నంబర్లు వరసగా ఉంటాయి, మధ్యలో ఏది పోయిందో ఇట్టే తెలుస్తుంది. నంబరు మధ్యలో నక్షత్రం గుర్తు ఉన్న నోట్లుంటే ఆ వరస తప్పుతుంది. అది లోపం కాదు, చెడిపోయిన నోట్ల బదులు ప్రెస్సులోనే వేసినవి.

సమస్య: డబ్బు కట్టాం, ఖాతాలో పడలేదు

కౌంటర్‌ఫాయిల్, అంటే డబ్బు కట్టినప్పుడు చింపి మీకిచ్చిన స్లిప్ ముక్క తీయండి. ముద్ర, సంతకం ఉన్నాయా? ఖాతా నంబర్ చివరి నాలుగంకెలు సరిగ్గా ఉన్నాయా? డబ్బు వేరే ఖాతాలో పడి ఉంటే క్యాష్ టాలీ కాక ఏమవుతుంది, అందులో దొరకదు. మీరు సరిగ్గా రాసి వాళ్ళు తప్పు కొట్టి ఉంటే స్లిప్పే సాక్ష్యం, వాళ్ళే సరిచేయాలి. మీరే తప్పు రాసి ఉంటే అవతలి ఖాతాదారును అడగాల్సి వస్తుంది, ఆలస్యమవుతుంది. కట్టేటప్పుడే "పేరు ఏమొచ్చింది సార్?" అని అడిగితే సరి, నంబర్ కొట్టగానే ఆయన ముందు పేరు కనపడుతుంది.

సమస్య: మీరిచ్చిన డబ్బే తక్కువుందని క్యాషియర్ అన్నాడు

తగ్గిన డబ్బు జేబులోంచి తీసి కలిపేయకండి. మళ్ళీ మీ కళ్ళముందే లెక్కించమనండి. చెమట పట్టిన నోట్లు అంటుకుని రెండు ఒకటిగా పోతాయి, మడత నోటు మిషన్లో ఇరుక్కుంటుంది. కింద ట్రేలో కూడా చూడమనండి. ఇదంతా మీ డబ్బు ఆయన డబ్బాలో కలవకముందే జరగాలి. సంఘాల వాళ్ళు పది, ఇరవై నోట్లు తెచ్చేటప్పుడు స్లిప్ వెనక నోట్ల వివరం ఇంటి దగ్గరే రాసుకుని రావడం మేలు. కౌంటర్ దగ్గర నిలబడి రాస్తే ఆయన చెప్పిన లెక్కే మీ లెక్క అయిపోతుంది.

కౌంటర్ దగ్గర తేలకపోతే

నోటిమాట ఫిర్యాదు ఫిర్యాదు కాదు. మేనేజర్ పేరిట కాగితం రాయండి. ఖాతా నంబర్, తేదీ, మొత్తం, ఎన్ని కట్టలు, ఏ నోట్లు, ఏ కౌంటర్, పట్టీ మీద ఏముంది అన్నీ ఉండాలి. టైమ్ కోసం డెబిట్ మెసేజ్ చూడండి, నిమిషంతో సహా ఉంటుంది. "ఆ టైమ్‌కు ముందు పావుగంట, తర్వాత పావుగంట సీసీ కెమెరా రికార్డింగ్ భద్రపరచండి" అని ఒక వాక్యం తప్పకుండా చేర్చండి. రికార్డింగ్ శాశ్వతంగా ఉండదు, కొన్నాళ్ళకు చెరిగిపోతుంది. కెమెరాలో ఎన్ని కట్టలిచ్చారో కనపడుతుంది గానీ కట్టలో ఎన్ని నోట్లున్నాయో కనపడదు. ఐదు కట్టలకు నాలుగే ఇచ్చారన్న కేసులో అది బ్రహ్మాస్త్రం, 98 నోట్ల కేసులో కాదు. రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. గ్రామీణ బ్యాంకులు కూడా దాని పరిధిలోవే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఫిర్యాదును రిజర్వు బ్యాంకు సీఎంఎస్ పోర్టల్‌లో (ఫిర్యాదుల వెబ్‌సైట్) పెట్టొచ్చు, చండీగఢ్ సెక్టార్ 17లోని ఆఫీసుకు పోస్టులో పంపొచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయండి. బ్యాంకుకు ముందుగా రాయకుండా నేరుగా అక్కడికి పోతే తిప్పి పంపేస్తారు. ముద్ర వేయించుకున్న ఆ కాపీ అక్కడే పనికొస్తుంది.

అరుదైనవి

మీరు కట్టిన డబ్బులో దొంగనోటు తేలితే దాన్ని వెనక్కివ్వరు, దాని విలువా జమ కాదు. ముద్ర వేసి ఉంచేసుకుని రసీదు ఇవ్వాలి, ఆ రసీదు అడిగి తీసుకోండి. ఒకేసారి ఐదు, అంతకంటే ఎక్కువ తేలితే పోలీసు కేసు దాకా వెళ్తుంది. మీకే డబ్బు ఎక్కువొస్తే వెనక్కివ్వండి. పొరపాటున ముట్టిన సొమ్ము తిరిగివ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది, పైగా మెసేజ్ టైమ్‌ను బట్టి కెమెరాలో మీరే దొరుకుతారు. కట్టలో చిరిగిన నోట్లొస్తే గొడవేం లేదు, అదే కౌంటర్‌లో మార్చి ఇస్తారు.