ఒలింపిక్ సాహిత్య పతకం పొందిన జర్మన్ రచయితపై జీవితవ్యాసం రాసే విధానం

కడపలోని ఒక కళాశాల వార్షిక సంచికకు ఇటువంటి వ్యాసం రాయదలచిన విద్యార్థి, రచయిత జోలికి పోకముందే పోటీల స్వరూపాన్ని తెలుసుకోవాలి. 1912 స్టాక్‌హోం నుంచి 1948 లండన్ వరకు ఒలింపిక్స్‌లో వాస్తుకళ, సాహిత్యం, సంగీతం, చిత్రకళ, శిల్పం విభాగాల్లో క్రీడల నుంచి స్ఫూర్తి పొందిన కళాకృతులకు పతకాలిచ్చారు. అప్పట్లో ఒలింపిక్స్ ఔత్సాహికులకే పరిమితం కాగా, కళాకారులు వృత్తినిపుణులన్న అభ్యంతరంతో తరువాత ఆ పోటీలను ఆపివేశారు. ఆ పతకాలను నేటి అధికారిక పట్టికల్లో లెక్కించరు కనుక, వాటిని క్రీడా పతకాలతో కలిపి చెప్పకూడదు.

తరువాత వ్యక్తిని ఎంచుకోవాలి. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో గీతకవిత్వానికి రుడాల్ఫ్ బిండింగ్, కథాత్మక రచనకు ఎర్నెస్ట్ వైస్ జర్మనీ తరఫున రజతాలు పొందారు. వీరిలో వైస్ జీవితమే వ్యాసానికి ఎక్కువ బలాన్నిస్తుందని నా అభిప్రాయం.

ఆయనను కేవలం జర్మన్ రచయిత అని సరిపెట్టకూడదు. 1882లో నాటి ఆస్ట్రియా-హంగరీలోని, నేటి చెక్ రిపబ్లిక్‌లోని బ్రనోలో యూదు కుటుంబంలో పుట్టి, వైద్యం చదివి, శస్త్రవైద్యుడిగా పనిచేసి, మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఓడ వైద్యుడిగా భారతదేశం, జపాన్ దిశగా ప్రయాణించి, యుద్ధకాలంలో సైనికవైద్యుడై, ఆపై బెర్లిన్‌లో స్థిరపడి జర్మన్ భాషలో నవలలు రాసిన మనిషి ఆయన. ఈ వరుసను సంవత్సరాల పట్టికగా వేసుకుని, ఒక్కొక్క వివరాన్ని కనీసం రెండు ఆధారాలతో సరిచూసుకోవాలి. సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉన్న ఊరిలో కూర్చుని రాసేవారికి ఆ శ్రద్ధ మరీ అవసరం.

పతకానికి ఒక్క పేరా చాలు; అది వ్యాసం మధ్యలో ఉండాలి. పతకం తెచ్చిన నవల ‘బొయేటియస్ ఫాన్ ఓర్లామ్యుండె’ కథానాయకుడు ఒక పేద ప్రభువంశపు యువకుడు. నవలలో క్రీడకు ఉన్న స్థానాన్ని వివరించండి, కానీ పొగడ్తతో నింపకండి.

1933లో నాజీలు అధికారంలోకి వచ్చాక వైస్ బెర్లిన్ విడిచి ప్రాగ్‌కు, అక్కడినుంచి పారిస్‌కు చేరాడు. 1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌లో ప్రవేశించినప్పుడు ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ ఘట్టాన్ని వర్ణనలు లేకుండా, రెండు మూడు వాక్యాల్లో చెప్పడం మర్యాద. అయితే వ్యాసాన్ని అక్కడ ఆపకండి: హిట్లర్‌ను పోలిన ఒక సైనికుడికి చికిత్స చేసిన వైద్యుడి కథగా ఆయన ప్రవాసంలో రాసిన నవల 1963లో గానీ అచ్చు కాలేదు. చివరి పేరాను ఆ నవలకే కేటాయించాలి.