చిన్న గదిలో ప్రొజెక్టర్: నలుపు బూడిద రంగులో కనిపిస్తుంటే మెషిన్ మార్చకండి

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఇళ్లలో ప్రొజెక్టర్లు బిగించడం నా పని. ఫోన్ రాగానే నేను అడిగే మొదటి మాట ఒకటే: "లెన్స్ నుంచి గోడకు ఎన్ని అడుగులు?" చాలామంది "పది బై పన్నెండు గది అన్నా" అంటారు. అది గది కొలత, నేను అడిగింది లెన్స్ నుంచి గోడకు దూరం. టేపు పెట్టి చూడడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు పెట్టకుండా ముప్పై వేలు పెట్టేస్తున్నారు. అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

ప్లగ్గు పెట్టడం, ఫోకస్ తిప్పడం, లెన్స్ తుడవడం మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: బొమ్మ మరీ చిన్నగా వస్తోంది, లేదా గోడ దాటిపోతోంది

కారణం త్రో రేషియో. లెన్స్ నుంచి తెరకు ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె ఇది. మెషిన్ వివరాల్లో రాసే ఉంటుంది, ఎవరూ చూడరు. 100 అంగుళాల తెర అంటే మూల నుంచి మూలకు కొలత. దాని వెడల్పు సుమారు 87 అంగుళాలు, అంటే ఏడుంబావు అడుగులు. త్రో రేషియో 1.2 ఉన్న మెషిన్‌కు దాదాపు 8 అడుగుల 9 అంగుళాల దూరం కావాలి, 1.5 ఉంటే దాదాపు 11 అడుగులు. ఇప్పుడు మీ గదిలో పది అడుగుల వైపు చూడండి. మెషిన్ ఒళ్లు ఒక అడుగు, వెనక వైర్లకు, గాలికి అర అడుగు తీసేస్తే లెన్స్‌కు మిగిలేది ఎనిమిదిన్నర అడుగులే. 1.5 మెషిన్ అక్కడ 78 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. ఏ సెట్టింగ్ మార్చినా పెరగదు.

కొనేశాక అయితే పన్నెండు అడుగుల వైపు తిప్పుకోవడమే దారి. కొనకముందైతే టేపు కొలత పట్టుకుని దానికి సరిపోయే మెషిన్ వెతకండి. 0.5 ఉన్న షార్ట్ త్రో మూడున్నర, నాలుగు అడుగుల్లోనే 100 అంగుళాలు ఇస్తుంది కానీ గోడ మీద పుట్టీ ఎగుడుదిగుడులు కూడా చూపిస్తుంది. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చునేవాళ్లకు 80 అంగుళాలు ఏమాత్రం తక్కువ కాదు.

సమస్య: అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టున్నాయి

ఫోకస్ సరిగ్గానే ఉండి ఇలా వస్తే, మెషిన్‌ను పక్కన టీపాయ్ మీద పెట్టి కీస్టోన్‌తో బొమ్మను దీర్ఘచతురస్రం చేసి ఉంటారు. కీస్టోన్ చేసేది బొమ్మను నొక్కి సర్దడం. అందులో కొన్ని పిక్సెల్స్ పనికి రాకుండా పోతాయి. కీస్టోన్ సున్నాకు తెచ్చి మెషిన్‌నే జరపండి, లెన్స్ గోడకు సూటిగా చూడాలి. అప్పటికీ బాగుపడకపోతే డబ్బా మీద "4కే సపోర్ట్" అన్న మాట నమ్మకుండా నేటివ్ రిజల్యూషన్ (మెషిన్ నిజంగా వేసే పిక్సెల్స్ లెక్క) ఎంతో చూడండి. 1920 బై 1080 లేకపోతే మీరు చేయగలిగింది లేదు.

సమస్య: గది చీకటిగానే ఉంది, అయినా నలుపు బూడిద రంగులో ఉంది

ఇక్కడే నేను చేతులు కాల్చుకున్నాను, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో కొత్త ఇల్లు. మేడ మీద పది బై పన్నెండు గది. పుట్టీ పెట్టి మెరిసే తెల్ల పెయింట్ వేశారు, పైన తెల్ల పీవోపీ సీలింగ్, కింద తెల్ల టైల్స్. చూడ్డానికి గది వెలిగిపోతోంది. నేను ప్రొజెక్టర్ బిగించి వచ్చిన మూడో రోజు ఫోన్: "అన్నా, బొమ్మంతా పాలు కలిపినట్టుంది." ల్యూమెన్లు (మెషిన్ ఇచ్చే వెలుగు కొలత) చాలడం లేదేమో అనుకుని, ఇంకా వెలుగు ఎక్కువున్న మెషిన్ తెప్పించాను. తెలుపు ఇంకా తెల్లబడింది, నలుపు కూడా దాంతో పాటే తెల్లబడింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మూడోసారి వెళ్లినప్పుడు ఆయన తండ్రి కూడా పైకి వచ్చి కూర్చున్నారు. భుజం మీద నల్ల గొంగడి. తెర ఎడమ పక్క కిటికీలోంచి వీధిలైటు పడుతోందని, "ఇది కట్టు బిడ్డా" అని గొంగడి తీసి ఇచ్చారు. కర్టెన్ రాడ్ మీద వేశాను. అది కిటికీతో పాటు పక్క గోడ సగం కప్పేసింది. బొమ్మలో ఎడమ వైపు నలుపు ఒక్కసారిగా చిక్కబడింది, కుడి వైపు మాత్రం అలాగే ఉంది. గొంగడి తీసి, కిటికీకి ఒక్కదానికే అట్ట అడ్డం పెట్టి చూశాను. ఏమీ మారలేదు. మళ్లీ గొంగడి వేశాను, మళ్లీ చిక్కబడింది. బొమ్మను పాడు చేసింది వీధిలైటు కాదు, గోడ.

జరిగేది ఇది. తెర మీద పడిన వెలుగు మీ కంటికి మాత్రమే రాదు, గదంతా చిమ్ముతుంది. తెల్ల పెయింట్ తన మీద పడిన దానిలో నూటికి ఎనభై పాళ్ల దాకా తిప్పి కొడుతుంది. ఆ వెలుగు మళ్లీ తెర మీదకే వచ్చి నల్లగా ఉండాల్సిన చోట పడుతుంది. పది అడుగుల గోడకు ఏడుంబావు అడుగుల బొమ్మ వేస్తే అటూ ఇటూ మిగిలేది అడుగున్నర కూడా ఉండదు, అంటే తెల్ల గోడలు తెరను ఒరుసుకునే ఉన్నాయి. చిన్న గదికి ఈ తిప్పలు అందుకే ఎక్కువ. సినిమా హాళ్లలో గోడలకు ముదురు రంగు ఉండేది కూడా ఇందుకే. సీన్ మొత్తం చీకటిగా ఉంటే ఈ లోపం పెద్దగా కనిపించదు. ఒక పక్క తెల్లని ఆకాశం, ఇంకో పక్క నల్ల కోటు ఉన్న సీన్‌లో బయటపడుతుంది. అందుకే ఎంతో మంది దాన్ని మెషిన్ మీదకు నెట్టేస్తారు, నేను నెట్టినట్టే.

మీ గదిలో తప్పు ఎవరిదో ఇలా తేల్చుకోండి. సగం తెలుపు, సగం నలుపు ఉన్న ఫొటో ఒకటి తెర మీద వేయండి. లైట్లన్నీ తీసేయండి. లెన్స్‌కు, తెరకు మధ్యలో నిలబడి, తెల్ల సగం వెలుగుకు మాత్రమే ఒక నల్ల అట్ట అడ్డం పెట్టండి. లెన్స్‌కు ఆనించి పెట్టొద్దు, రెండు మూడడుగుల దూరంలో పెట్టండి. నల్ల సగం వెంటనే చిక్కబడితే తప్పు గదిది. ఏమీ మారకపోతే తప్పు మెషిన్‌ది, అప్పుడు మంచి కాంట్రాస్ట్ (తెలుపుకు, నలుపుకు మధ్య తేడా) ఉన్నది చూసుకోండి. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష నాకు దొరకలేదు.

పరిష్కారానికి గదంతా నలుపు చేయక్కర్లేదు. తెర నుంచి మూడు నాలుగు అడుగుల మేర సీలింగ్, పక్క గోడలు కప్పితే చాలావరకు తేడా వచ్చేస్తుంది. ముందు ఏది తెరకు దగ్గరగా ఉంటే అది. నల్ల వెల్వెట్ అన్నిటికన్నా బాగా వెలుగును మింగుతుంది. మందపాటి నల్ల కాటన్ కూడా పనిచేస్తుంది. అద్దె ఇల్లయితే రెండు పక్కలా రాడ్ వేసి ముదురు కర్టెన్లు పెట్టండి, సినిమా అయ్యాక వెనక్కి లాగేయొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు నలుపు వద్దంటే ముదురు మెరూన్, ముదురు నీలం వేయించండి. రంగు ఏదైనా మెరుపు మాత్రం ఉండకూడదు. తెల్ల టైల్స్ మీద తెర ముందు ఒక ముదురు జంపఖానా పరవండి. తెర చుట్టూ మూడు అంగుళాల నల్ల అంచు ఉంటే కంటికి ఇంకా బాగుంటుంది. ఇవేవీ కుదరకపోతే బూడిద రంగు తెర కొంత సాయపడుతుంది, తిరిగొచ్చిన వెలుగును అది తక్కువగా చూపిస్తుంది కాబట్టి.

ల్యూమెన్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 100 అంగుళాల తెర వైశాల్యం దాదాపు 30 చదరపు అడుగులు. నిజమైన 600 ఏఎన్‌ఎస్ఐ ల్యూమెన్లు (ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు) వేస్తే చదరపు అడుగుకు 20 పడతాయి. సినిమా హాల్ తెర వెలుగుకు ప్రమాణం 14 ఫుట్ ల్యాంబర్ట్‌లు. మామూలు తెల్ల తెర మీద ఆ లెక్క చదరపు అడుగుకు 14 ల్యూమెన్లతో సమానం. చీకటి గదికి 600 చాలు. డబ్బా మీద 9000 అని ఉండి పక్కన ఏఎన్‌ఎస్ఐ అన్న మాట లేకపోతే ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి.

సమస్య: గంట నడిచాక ఆగిపోతోంది

మన దగ్గర మే నెలలో రేకుల గది ఎలా ఉంటుందో మీకు తెలుసు. చాలా మెషిన్లు 35 లేదా 40 డిగ్రీల వరకే పనిచేసేలా తయారవుతాయి. అల్మారాలో ఇరికించి పెట్టకండి, గాలి వెళ్లే వైపు అర అడుగు వదలండి, ఫిల్టర్ ఉంటే నెలకోసారి దులపండి. దుమ్ము రోడ్డు పక్క ఇల్లయితే ఇంకా త్వరగా.

సమస్య: ఫోన్ మిర్రరింగ్ పెడితే మాటలు వినిపిస్తాయి, బొమ్మ నల్లగా ఉంటుంది

ఓటీటీ యాప్‌ల కాపీ రక్షణ వల్ల అలా వస్తుంది. మెషిన్ బాగానే ఉంది. హెచ్‌డీఎంఐకి స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి పెట్టండి.

మిగతావి అరుదు. కళ్లు తిప్పినప్పుడు రంగుల గీతలు కనిపిస్తే అది డీఎల్‌పీ (చిన్న అద్దాల చిప్‌తో బొమ్మ వేసే రకం) మెషిన్లలో రంగుల చక్రం వల్ల, అందరికీ కనిపించదు. కనిపించేవాళ్లు ఆ చక్రం లేని ఎల్‌సీడీ తీసుకోవాలి. ఫోకస్ కుదరని మసక మచ్చ ఉంటే లోపల దుమ్ము చేరింది, విప్పి తుడిపించాలి. తెల్ల చుక్కలు ఒకటొకటిగా పెరుగుతుంటే డీఎల్‌పీ చిప్ పోతోంది. వారంటీ ఉంటే వెంటనే వాడుకోండి. లేకపోతే బాగు చేయించే ఖర్చు, కొత్తదాని ధర పక్కపక్కన రాసుకుని చూడండి.