బిర్యానీ విందుకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవారు మిత్రులతో రాత్రి బిర్యానీకి వెళ్లవలసిన రోజున మధ్యాహ్న భోజనం మానుకోరాదు. నకనకలాడే కడుపుతో బల్ల ముందు కూర్చుంటే చెయ్యి ఆగదు. బయలుదేరే ముందు ఒక గ్లాసు మజ్జిగ తాగడం మంచిది.

ఒక ప్లేటును ఇద్దరు పంచుకోవాలని ముందుగానే మాట్లాడుకోవాలి. హైదరాబాదులో సింగిల్ బిర్యానీ చాలాచోట్ల పేరుకే సింగిల్. గ్రాము పిండిపదార్థంలో 4 కిలోకేలరీలుంటే గ్రాము కొవ్వులో 9 ఉంటాయి కనుక, నెయ్యి పట్టిన అన్నం తగ్గించి ముక్కలు, నూనె తేలే మిర్చీ కా సాలన్ తగ్గించి రైతా వడ్డించుకోవాలి.

డబుల్ కా మీఠా అంటే వేయించిన రొట్టెను పాకంలో నానబెట్టినదే కాబట్టి, అందరికీ కలిపి ఒక్కటే తెప్పించి తలా రెండు చెంచాలు తినవచ్చు. కూల్‌డ్రింకు అనవసరం.

మధుమేహానికి మందులు వాడేవారు భోజన వేళలు మార్చుకునే ముందు వైద్యుణ్ణి సంప్రదించాలి.