పట్టింది రాణి చీమేనా? గుడ్లు రావట్లేదంటే ఎక్కడ తేడా కొట్టిందో చూసుకోండి

ఇంట్లో చీమల్ని పెంచుదామని పట్టిన నా మొదటి ‘రాణి’ని నలభై రోజులు టెస్ట్ ట్యూబులో పెట్టుకుని, పొద్దున లేవగానే గుడ్లు పెట్టిందేమోనని చూసేవాణ్ణి. అది గుడ్డన్నది పెట్టకుండానే చచ్చిపోయింది. తర్వాత పాత ఫోటోలు పెద్దవి చేసి చూస్తే అర్థమైంది, అది రాణి కాదు, బుర్ర పెద్దదైన పనిచీమ. సైజు చూసి మోసపోయాను. మీరు సైజు చూడకండి, మొండెం, అంటే తలకీ నడుముకీ మధ్య భాగం చూడండి.

సమస్య: చీమ పెద్దదే, వారాలు గడిచినా గుడ్లు లేవు

కారణం చాలాసార్లు ఇదే: అది పనిచీమ. కాంపొనోటస్, ఫైడోలె లాంటి జాతుల్లో ఒకే పుట్టలో చిన్న పనిచీమలూ ఉంటాయి, వాటికి ఎన్నో రెట్లు పెద్దవీ ఉంటాయి. కానీ పనిచీమ ఎంత పెద్దదైనా జన్మలో ఎగరదు కాబట్టి దానికి ఎగిరే కండరాలు ఉండవు, తలకీ నడుముకీ మధ్య భాగం సన్నగా, తల కంటే బాగా ఇరుగ్గా ఉంటుంది. రాణికి అక్కడ గూనిలా ఉబ్బి ఉంటుంది, పైనుంచి చూస్తే చాలా జాతుల్లో దాదాపు తలంత వెడల్పు, పక్కనుంచి చూస్తే పలకలు అతికించినట్టు గీతలు.

ట్యూబులో దూదిని మెల్లగా ముందుకు జరిపి చీమ కదలకుండా చేసి, టార్చి వెలుగులో ట్యూబును కొద్దికొద్దిగా తిప్పండి. ఒక కోణంలో మొండెం పక్కన, ఆకు రాలిన చోట కొమ్మ మీద మిగిలే మచ్చలాంటివి కనిపిస్తాయి. అవి జతకట్టడానికి ఎగిరే రెక్కలు ఊడిన గుర్తులు. అవి ఉంటే రాణే, ఇంక అనుమానం అక్కర్లేదు. నుదుటి మీద మూడు చుక్కల్లాంటి చిన్న కళ్ళు కూడా ఒక గుర్తే గానీ, కొన్ని జాతుల పనిచీమలకీ అవి ఉంటాయి, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

పనిచీమ అని తేలితే ఎక్కడ పట్టారో అక్కడే వదిలేయండి. అన్నట్టు, డయాకామా అనే చీమల్లో అసలు రాణి ఆకారమే ఉండదు, పనిచీమల్లోనే ఒకటి మగచీమతో జతకట్టి గుడ్లు పెడుతుంది. అక్కడ ఈ మచ్చల కోసం ఎంత వెతికినా దొరకవు.

సమస్య: రెక్కలున్నదాన్ని పట్టాను, రెండు మూడు రోజుల్లో చచ్చిపోయింది

మగచీమ అయ్యుంటుంది. తల చిన్నది, దానికి తగ్గట్టు కాకుండా కళ్ళు పెద్దవి, పొట్ట సన్నం. దాన్ని మీరేం చేసినా బతికించలేరు, జతకట్టాక వాటి పని అయిపోయినట్టే.

లేదా అది చీమే కాదు, ఉసిలి, అంటే రెక్కలొచ్చిన చెదపురుగు. ఉసిళ్ళకు నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము ఉండదు, మీసాలు పూసల దండలా తిన్నగా ఉంటాయి. ఆడచీమకు ముందు రెక్కలు పెద్దవి, నడుము సన్నం, మీసం మోచేయిలా మధ్యలో వంగి ఉంటుంది.

సమస్య: రాణే, కానీ గుడ్లు లేవు, లేదా పెట్టిన గుడ్లు మాయం

ఇక్కడ తొంభై శాతం తప్పు మనదే! రోజూ తీసి చూడటం, లైటు, కుదుపు. టెన్షన్ పడిన రాణి తన గుడ్లు తనే తినేస్తుంది. ట్యూబులో మూడో వంతు నీళ్ళు, దూది, మిగతాది ఖాళీ, మూతికి ఇంకో దూది, ఆ తర్వాత చీకటి పెట్టె. వారానికి ఒక్కసారి, అదీ అర నిమిషం చూడండి. చాలా జాతుల రాణికి మొదటి పిల్లలు వచ్చేదాకా తిండి అక్కర్లేదు, ఆ గూనిలోని ఎగిరే కండరాలే కరిగి దానికీ పిల్లలకీ ఆహారం అవుతాయి. అయితే పొడవాటి దవడలతో సన్నగా ఉండి, కుదురుగా కూర్చోకుండా ట్యూబంతా తిరిగే రాణి అయితే బయటికెళ్ళి వేటాడే రకం కావచ్చు, చిన్న తేనె చుక్క, చంపిన చిన్న పురుగు పెట్టి చూడండి.

రెక్కలు ఊడనంత మాత్రాన పనికిరాదని పారేయకండి. కొన్ని జతకట్టాక కూడా రెక్కలు ఉంచుకుంటాయి, జతకట్టనివి కూడా ఊడదీసుకుంటాయి. బయటినుంచి చూసి చెప్పలేం. జతకట్టని రాణి గుడ్ల నుంచి మగచీమలే వస్తాయి, కాబట్టి ప్యూపాలు (పిల్ల పురుగు చీమగా మారేముందు ఉండే దశ) ఏ ఆకారంలో తేలతాయో చూసేదాకా ఓపిక పట్టాలి.

సమస్య: రాణే, ఏ జాతో తెలియట్లేదు

నడుము దగ్గర బుడిపెలు లెక్కపెట్టండి. ఒకటే అయితే కాంపొనోటస్, లేసియస్ లాంటివి కావచ్చు. రెండు ఉంటే ఫైడోలె, సొలెనాప్సిస్, మెస్సర్ వైపు వెళ్ళండి. పొట్ట హృదయాకారంలో ఉండి పైకి ఎత్తుతుంటే క్రిమటోగాస్టర్. తర్వాత ప్యూపాలు పట్టుపురుగులా ఒంటి చుట్టూ గూడు కట్టుకున్నాయా, బోడిగా ఉన్నాయా చూస్తే ఇంకొంచెం తేలుతుంది. కాంపొనోటస్‌లో సాధారణంగా గూడు ఉంటుంది, రెండు బుడిపెల రకాల్లో చాలావాటికి ఉండదు.

ఫోటో చూసి జాతి చెప్పేవాళ్ళకి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖానిది ఒకటి తీసి, కింద మిల్లీమీటర్ల స్కేలు పెట్టి పంపండి. పట్టిన తేదీ, వేళ, వాన పడిందా లేదా కూడా రాయండి. ఒక్కో జాతి జతకట్టడానికి ఎగిరే వేళ ఒక్కోలా ఉంటుంది, చూడటానికి ఒకేలా ఉన్న రెండు జాతుల్ని విడదీయడానికి కొన్నిసార్లు అదొక్కటే ఆధారం.