అలంకారం గుర్తుపట్టాలంటే పేరు కాదు, ముందు వాక్యం చూడండి

సాయంత్రాలు మా వీధి పిల్లలకు పదో తరగతి తెలుగు చెబుతుంటాను. అలంకారాలు అనగానే వాళ్ళకి టెన్షన్. లక్షణాలన్నీ బట్టీ పట్టేస్తారు, తీరా వాక్యంలో 'వలె', 'లాగా' కనబడగానే ఉపమ అని రాసేస్తారు. 'వాన పడేలా ఉంది' అన్నప్పుడూ 'లా' ఉంది కదా, అక్కడ దేన్ని దేనితో పోల్చాం? అందుకే పేర్లు పక్కన పెట్టించి, వాక్యంలో ఏయే వస్తువులున్నాయి, వాటి మధ్య ఏం జరుగుతోంది అని అడుగుతాను.

మిర్చి ఆరబోసిన కల్లం అందరూ చూసినదే.

'మిరపకాయలు తివాచీలా ఎర్రగా ఉన్నాయి.' మిరపకాయలు ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), తివాచీ ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), ఎర్రదనం సమానధర్మం (రెండింటికీ ఉన్న గుణం), 'లా' ఉపమావాచకం (పోలిక తెలిపే మాట). నాలుగూ దొరికాయి కాబట్టి పూర్ణోపమ, అంటే ఏ భాగమూ లోపించని ఉపమ. ఇక్కడ కాయలు కాయలే, తివాచీ తివాచీయే.

'కల్లం నిండా ఎవరో ఎర్ర తివాచీ పరిచారా అన్నట్టున్నాయి మిరపకాయలు.' ఇప్పుడు చెప్పేవాడు పోల్చడం లేదు, ఊహిస్తున్నాడు. ఇది ఉత్ప్రేక్ష. పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ రెండింటి దగ్గరే. 'అన్నట్టు', 'కాబోలు' లాంటి మాటలు దారి చూపిస్తాయి గానీ, పోలికా ఊహా అన్న ప్రశ్న వేసుకున్నాకే జవాబు రాయండి.

'ఆ మిరపకాయల తివాచీ మీద కోడి నడిచిపోయింది.' మిరపకాయలు అనే తివాచీ! రెండూ ఒకటైపోయాయి. రూపకం. మూడింటిలో నాకిదే ఇష్టం, 'లా' అన్న చిన్న మాట సాయం కూడా లేకుండా నమ్మించేస్తుంది.

'ఆ ఘాటుకి పక్కూరంతా తుమ్మింది' అంటే అతిశయోక్తి. దీన్ని ఎవరైనా ఇట్టే పట్టేస్తారు.

ఇప్పటిదాకా చూసినవి అర్థంతో వచ్చే అలంకారాలు. మాటల ధ్వనితో అందం తెచ్చే శబ్దాలంకారాలకు చెవి కావాలి, పైకి చదవాల్సిందే. పోతన గజేంద్రమోక్షంలో 'అడిగెదనని కడువడిఁ జను, నడిగినఁ దను మగుడ నుడువఁడని నడ యుడుగున్' అంటాడు. చెప్పకుండా లేచి వెళ్తున్న విష్ణువును ఎక్కడికని అడుగుదామని లక్ష్మీదేవి గబగబా వెళ్తుంది, అడిగినా బదులు చెప్పడేమోనని ఆగిపోతుంది. తిరిగి తిరిగి వచ్చే ఆ 'డ'లో ఆవిడ తడబడే అడుగులు వినిపిస్తాయి. ఒకే హల్లు ఇలా పదే పదే వస్తే వృత్త్యనుప్రాసం.

అక్షరం కాకుండా మాటే మళ్ళీ వస్తే, రెండు చోట్లా అర్థం చూడండి. నరకాసురుడితో యుద్ధంలో కృష్ణుడు సత్యభామతో 'లేమా! దనుజుల గెలువఁగ లేమా?' అంటాడు. మొదటిది 'ఓ యువతీ' అన్న పిలుపు, రెండోది 'గెలవలేమా' అన్న ప్రశ్న. అర్థం మారింది, యమకం. 'కమలాక్షు నర్చించు కరములు కరములు' (విష్ణువును పూజించే చేతులే చేతులు) అన్నచోట రెండూ చేతులే. కాకపోతే రెండో 'కరములు' అంటే ఆ పేరుకు తగిన చేతులని. అర్థం ఒకటే, తాత్పర్యం వేరు. అది లాటానుప్రాసం.

పరీక్షలో అలంకారం పేరు రాసి ఆపేయకండి. లక్షణం రాసి, ఇచ్చిన వాక్యంలోని మాటలే ఎత్తి చూపిస్తూ సమన్వయం రాయండి. 'ఇక్కడ రెండు చోట్లా కరములు అంటే చేతులే, కానీ...' అని మొదలుపెడితే మిగతాది దానంతట అదే వస్తుంది.